యూరియా దీపము వెలిగినప్పుడు: డీజిల్ వాహనములలో విద్యుద్దోష నిర్ధారణ

రోగి నాడి చూడకముందే మందు వ్రాయువానిని మనము వైద్యుడని అనము. కాని లారీ డ్యాష్‌బోర్డుపై ఒక దీపము వెలిగినంతనే, కారణము విచారింపకయే వేలాది రూపాయల పరికరమును విప్పివేసి క్రొత్తది బిగించుట నేడు సాధారణమైపోయినది. ఆ దీపము చెప్పు మాటను ఎట్లు వినవలెను, అందలి నిజమును ఒక చిన్న మల్టీమీటరుతో ఎట్లు పరీక్షింపవలెను అను విషయమును విద్యార్థి మిత్రులకు వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇందులోని సూత్రములు క్రొత్తవి కావు. తరగతిలో మనమందరమును చదివిన ఓమ్ నియమమే దీనికంతటికిని పునాది.

ఈ ద్రవము ఎందులకు?

డీజిల్ ఇంజనులో ఇంధనము మిక్కిలి అధికమైన ఉష్ణోగ్రతవద్ద మండును. ఆ వేడికి గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నత్రజని ఆక్సైడులుగా మారును. ఇవి ఊపిరితిత్తులకు హాని చేయును. ఆమ్ల వర్షములకును, నగరములపై క్రమ్ముకొను పొగమంచునకును కారణములగును. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. 4వ దశనుండి 5వ దశను దాటివేసి నేరుగా 6వ దశకు చేరితిమి. భారీ వాహనపు ఇంజను ఒక కిలోవాట్ గంట పనికి విడువదగిన నత్రజని ఆక్సైడుల పరిమితి అంతకుముందు 3.5 గ్రాములు, నేడది అర గ్రామునకు లోపుననే యున్నది.

ఇంత తగ్గింపు ఇంజనులో మాత్రమే సాధించుట కష్టము. కావున పొగ గొట్టములోనే ఒక చిన్న రసాయనశాలను నెలకొల్పినారు. 32.5 శాతము శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజములు తొలగించిన నీరు కలిపిన ద్రవమును వేడి పొగలోనికి చిమ్మెదరు. వేడికి యూరియా విడిపోయి అమ్మోనియా వెలువడును. ఆ అమ్మోనియా ఉత్ప్రేరకముపై నత్రజని ఆక్సైడులతో కలిసి, హాని లేని నత్రజనిగను నీటి ఆవిరిగను మారును. ఈ ద్రవమును గ్రంథములు డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్ అనగా, మన డ్రైవరులు 'యూరియా' అనియే పిలుతురు. పొలములో చల్లు ఎరువును నీటిలో కలిపి పోసినచో ఇది కాదు. మన దేశమున రైతులకు అమ్ము యూరియాకు వేపనూనె పూత యుండును. అది ఉత్ప్రేరకమును, చిమ్ము సాధనమును పాడుచేయును.

ద్రవము లేకపోయినను, వ్యవస్థ పనిచేయకపోయినను వాహనము ఊరకుండదు. మన నిబంధనలకు మూలమైన యూరో 6 పద్ధతిలో మొదట దీపము వెలుగును. పిదప ఇంజను బలము 25 శాతము తగ్గును. చివరకు వేగము గంటకు 20 కిలోమీటర్లకు పడిపోవును. సరుకు నింపిన లారీ ఘాట్ రోడ్డుపై ఈ స్థితికి వచ్చినచో దాని యజమాని గతి ఏమగునో ఊహింపవచ్చును. బాడుగ పోవును, సరుకు ఆలస్యమగును, వాయిదా సొమ్ము నిలిచిపోవును. అందువలన ఈ దోషనిర్ధారణ వట్టి విజ్ఞాన వినోదము కాదు. ఒక కుటుంబము జీవనోపాధికి సంబంధించిన విషయము.

వ్యవస్థలోని అంగములు

మొదటిది ద్రవపు ట్యాంకు. దానిలో మట్టమును, ఉష్ణోగ్రతను, కొన్నింటిలో ద్రవము నాణ్యతను తెలుపు సెన్సారులు గలవు. రెండవది పంపు, కొన్ని వ్యవస్థలలో ఇది ద్రవమును 9 బార్‌ల ఒత్తిడికి తెచ్చును. మూడవది పొగ గొట్టమునకు బిగించిన చిమ్ము కవాటము. ఇది ఒక తీగచుట్ట వలన తెరచుకొని మూసికొనును. నాల్గవది నత్రజని ఆక్సైడులను కొలుచు సెన్సారులు. ఉత్ప్రేరకమునకు ముందొకటి, వెనుకనొకటి యుండును. ఈ ద్రవము సున్నకు దిగువ 11 డిగ్రీల వద్ద గడ్డకట్టును గనుక ట్యాంకునకును గొట్టములకును వేడిచేయు సాధనములు కూడ నుండును. వీటన్నిటికిని అధిపతి కంట్రోల్ యూనిట్. అది అందరి మాటలను విని, ఎంత ద్రవము చిమ్మవలెనో నిర్ణయించును.

ఈ అంగములన్నియు తీగలతోను, 'కప్లర్లు' అని మన మెకానిక్కులు పిలుచు జోడింపులతోను కలుపబడి యున్నవి. తీగలు వాహనము క్రిందిభాగమున, బురద, నీరు, అదురు, పొగ గొట్టపు వేడి తగులుచోట సాగిపోవును. దీనికి తోడు యూరియా ద్రవమునకు ఒక చెడ్డ గుణము గలదు. అది రాగిని తినివేయును. కప్లరులోనికి ఒక చుక్క చేరినచో, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు రాగి పోగుల సందులలో ప్రాకుచు, ప్లాస్టిక్ తొడుగు లోపలనే చాల దూరము పోగలదు. నీరు ఆరిన పిదప తెల్లని స్ఫటికములు మిగులును. పైకి తీగ నిగనిగలాడుచుండును. లోపల రాగి పచ్చబడి పొడియై యుండును.

కోడ్ చెప్పునది, చెప్పనిది

స్కానరు తగిలించినచో ఒక సంఖ్య కనబడును. భారీ వాహనములలో సాధారణముగా ఇది రెండు భాగములు గలది. మొదటి భాగము ఏ కొలతను గూర్చిన ఫిర్యాదో తెలుపును. రెండవ భాగము అది ఏ విధమైన దోషమో తెలుపును. ఉదాహరణకు 1761 అనునది ట్యాంకులోని ద్రవ మట్టము, 3031 దాని ఉష్ణోగ్రత, 3216 ఉత్ప్రేరకమునకు ముందరి నత్రజని ఆక్సైడు సెన్సారు, 3226 వెనుకటిది. రెండవ భాగములో 3 అనగా వోల్టేజి ఉండవలసినదానికంటె హెచ్చు. 4 అనగా తక్కువ. 5 అనగా ప్రవాహము తక్కువ, లేదా వలయము తెగినది. 6 అనగా ప్రవాహము హెచ్చు, లేదా తీగ బాడీకి తగులుచున్నది. 9 అనగా ఆ పరికరమునుండి సమాచారము సరిగా వచ్చుట లేదు.

ఇక్కడనే పెక్కుమంది పొరబడుచున్నారు. "3031, దోషము 3" అని కనబడినంతనే "ట్యాంకు ఉష్ణోగ్రత సెన్సారు చెడినది" అని తీర్పు చెప్పుదురు. కోడ్ అట్లు చెప్పలేదు. ఆ సెన్సారు వలయములో వోల్టేజి హెచ్చుగా నున్నదని మాత్రమే చెప్పినది. వలయమనగా సెన్సారు ఒక్కటియే కాదు. పోవు తీగ, వచ్చు తీగ, నడిమి కప్లర్లు, కంట్రోల్ యూనిట్ అన్నియు కలిసినది. కోడ్ ఫిర్యాదు పత్రము వంటిది, తీర్పు కాదు. విచారణ మనము జరుపవలెను.

విచారణ క్రమము

ముందుగా కన్నులతో చూడవలెను. తీగలు ఎక్కడనైన రాచుకొనుచున్నవా, పొగ గొట్టమునకు తగిలి మాడినవా, కప్లర్లపై తెల్లని పొడి యున్నదా అని పరిశీలింపవలెను. తెల్లని పొడి యున్నచో గోరువెచ్చని శుద్ధజలముతో కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. యూరియా నీటిలో సులభముగా కరగును.

రెండవది బ్యాటరీ. 24 వోల్టుల లారీలో విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీలు సుమారు 25 వోల్టులను, ఇంజను నడుచునప్పుడు సుమారు 28 వోల్టులను చూపును. బ్యాటరీ బలహీనముగా నున్నప్పుడు అనేక కోడ్లు ఒక్కసారిగా వచ్చును. వాటి వెంట పరుగెత్తుట వ్యర్థశ్రమ. పిదప ఫ్యూజులు, రిలేలు, ఎర్త్ తీగలు చూడవలెను.

మూడవది, అతి ముఖ్యమైనది, పని జరుగుచుండగా కొలుచుట. తీగను విప్పి ఓమ్‌లలో కొలిచి "బాగున్నది" అనుట చాలదు. ఇరువది పోగులలో పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలినను మీటరు దాదాపు సున్నయే చూపును. ఏలయనగా మీటరు పంపునది అత్యల్పమైన ప్రవాహము. పంపునకు కావలసిన ప్రవాహమును ఆ ఒక్క పోగు మోయలేదు. కావున పంపు తిరుగుచుండగా, బ్యాటరీ రుణ ధ్రువమునకును పంపు ఎర్త్ కాలికిని నడుమ వోల్టులను కొలువవలెను. ఒక వోల్టులో పదవవంతో రెండు పదవవంతులో మించి కనబడినచో ఆ దారిలో దోషము గలదు. లెక్క సులభము. ఒక జోడింపులో త్రుప్పు వలన అర ఓమ్ నిరోధము చేరి, దానిగుండా 5 ఆంపియర్లు ప్రవహించుచున్నచో అక్కడనే 2.5 వోల్టులు నష్టమగును. పంపునకు చేరవలసిన బలము దారిలోనే వేడిగా మారిపోయినది. పంపును మార్చినంత మాత్రమున ఆ నష్టము పోవునా?

మూగవోయిన సాక్షులు

నత్రజని ఆక్సైడు సెన్సారు మిగిలినవాటివలె సామాన్యమైనది కాదు. దాని లోపలి జిర్కోనియా పింగాణిని సుమారు 800 డిగ్రీలవరకు వేడి చేయవలెను. పొగ గొట్టములో తేమ యుండగా అంత వేడి చేసినచో పింగాణి పగులును. అందుచేత ఇంజను నడిచి గొట్టము ఆరువరకు కంట్రోల్ యూనిట్ వేచియుండును. చల్లని ఇంజనుతో పరీక్షించి "సెన్సారు పలుకుటలేదు" అనుట అన్యాయము.

ఈ సెన్సారు తన కొలతను వోల్టులుగా కాక, 'క్యాన్' అను రెండు తీగల మార్గమున సందేశములుగా పంపును. అదే మార్గమున మరికొన్ని పరికరములును మాటలాడుచుండును. ఆ మార్గపు రెండు కొసలయందును ఒక్కొక్కటి 120 ఓమ్‌ల నిరోధకములు గలవు. బ్యాటరీ విడదీసి ఆ రెండు తీగల నడుమ కొలిచినచో, రెండు 120లు సమాంతరముగా నుండుటచే 60 ఓమ్‌లు రావలెను. 120 వచ్చినచో ఒక కొస తెగినది. సున్నకు దగ్గరగా వచ్చినచో రెండు తీగలును ఒకదానికొకటి తగులుకొన్నవి. సమాంతర నిరోధముల లెక్క పరీక్షలో మార్కులకే గాని మరెందుకు అని అడుగు మిత్రులకు ఇదియే సమాధానము.

ముందరి, వెనుకటి సెన్సారులు రెండును ఒకే దినమున మూగవోయినచో రెండును ఒకేసారి చెడినవని నమ్ముట కష్టము. ఆ రెండింటికిని ఉమ్మడియైన ఫ్యూజు, ఉమ్మడి ఎర్త్, ఉమ్మడి మార్గము ఏదో వెదుకవలెను.

మేము చూచిన ఒక విచారణ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డునకు మేము కొందరము విద్యార్థులము పోయియుంటిమి. ఎండలు మండుచున్న దినములు. అప్పుడొక లారీ అక్కడకు వచ్చినది. దాని యజమానియే డ్రైవరు. అంతకుముందు వేరొకచోట ట్యాంకులోని సెన్సారు మొత్తము మార్పించినాడట. దీపము ఆరినది, నాలుగు దినములకు మరల వెలిగినది. "ఇంకొకటి కొనే శక్తి నాకు లేదు ఉస్తాద్" అని ఆయన ఒక ప్రక్కన కూర్చుండిపోయెను.

ఉస్తాద్‌గారు స్కానరు పెట్టిరి. కోడ్ మేము పైన చెప్పినదే: 3031, దోషము 3. ఆయన వెంటనే పానా పట్టలేదు. తెరపై ట్యాంకు ఉష్ణోగ్రత ఎంత చూపుచున్నదో మమ్ము చదువుమనిరి. సున్నకు దిగువ 40 డిగ్రీలు! షెడ్డులో మేము చెమటలు కార్చుచుంటిమి. "చూశారా బాబూ, యూరియా మంచుగడ్డ అయిందంట" అని ఆయన నవ్విరి.

ఆ నవ్వులో శాస్త్రమున్నది. ఈ సెన్సారు ఒక థర్మిస్టరు. వేడి హెచ్చిన కొలది దాని నిరోధము తగ్గును. కంట్రోల్ యూనిట్ తన లోపలి నిరోధకముద్వారా 5 వోల్టులను ఆ తీగపై నుంచును. వలయము తెగినచో ప్రవాహము లేదు, 5 వోల్టులును అట్లే నిలిచియుండును. నిరోధము అనంతమని, అనగా చలి అత్యధికమని యూనిట్ భావించును. కావున ఈ లారీలో ఎక్కడనో వలయము తెగినది. సెన్సారులోనా, తీగలోనా అనుటయే ప్రశ్న.

ఆయన సెన్సారు కప్లరును విప్పి, వాహనము వైపునున్న రెండు పిన్నులను ఫ్యూజు గల ఒక చిన్న తీగతో కలిపిరి. తీగలును యూనిట్టును బాగున్నచో తెరపై సంఖ్య అత్యంత వేడికి ఎగురవలెను. అది కదలలేదు. సెన్సారు నిర్దోషియని ఆ ఒక్క పరీక్షతో తేలిపోయినది. (ఇట్లు కలుపుట ఈ విధమైన ఉష్ణోగ్రత వలయములకు మాత్రమే తగును, 5 వోల్టుల సరఫరా తీగను ఎర్త్‌కు కలుపరాదు.)

పిదప మీటరు తీసిరి. సంకేతపు పిన్నుకును వాహనపు బాడీకిని నడుమ కొలువగా 5 వోల్టులు వచ్చినవి. అనగా పోవు తీగ బాగున్నది. అదే పిన్నుకును ప్రక్కనున్న రెండవ పిన్నుకును నడుమ కొలువగా ఏమియు రాలేదు. అనగా తిరిగివచ్చు తీగ తెగినది. రెండు కొలతలతో దోషము ఒక్క తీగకు పరిమితమైనది. ఆ తీగను చేతితో తడుముచు పోగా, చాసిస్ బిగింపు వద్ద ఒకచోట మెత్తగా తగిలినది. తొడుగు కోసి చూడగా లోపల రాగికి బదులు పచ్చని పొడి. రాపిడి వలన తొడుగు చిట్లి తడి చేరినది. దీపము నాలుగు దినములు ఆరియుండుటకు కారణము క్రొత్త సెన్సారు కాదు, బిగించునప్పుడు తీగ కదలి కొసప్రాణముతో నున్న పోగులు మరల కలియుటయే.

మెరయు రాగి కనబడువరకు రెండువైపుల కోసివైచి, క్రొత్త తీగ ముక్క అతికి, తేమ చొరని తొడుగు వేడితో బిగించి, రాపిడి లేకుండ కట్టిరి. తెరపై 38 డిగ్రీలు కనబడినది. ఉస్తాద్‌గారు తమ మీటరును గుడ్డతో తుడుచుకొనుచు మాతో ఇట్లనిరి: "మీటరు అబద్ధం చెప్పదు బాబూ. మనమే దాన్ని తప్పు చోట అడుగుతాం." ఆ లారీ యజమాని అంతకుముందు సెన్సారుకై వెచ్చించిన ధనము మాత్రము తిరిగి రాలేదు.

కొన్ని జాగ్రత్తలు

ఇంజను ఆపినవెంటనే బ్యాటరీ స్విచ్చి తీయరాదు. తాళము త్రిప్పిన తరువాత కూడ పంపు కొంతసేపు పనిచేసి, గొట్టములలోని ద్రవమును ట్యాంకునకు వెనుకకు లాగుకొనును. ఆ సమయమున విద్యుత్తు తీసివేసినచో ద్రవము గొట్టములలోను కవాటములోను నిలిచి స్ఫటికములుగా గట్టిపడును. కప్లర్లపై అధిక పీడనముతో నీరు కొట్టరాదు. పరీక్షకొరకు తీగ తొడుగును సూదితో పొడువరాదు. నేటి సూది బెజ్జమే రేపటి త్రుప్పునకు ద్వారము. కంట్రోల్ యూనిట్ పిన్నులను పాతకాలపు టెస్టు బల్బుతో తాకరాదు. దాని ప్రవాహము సున్నితమైన వలయములకు హాని చేయును. తీగచుట్టల నిరోధము ఎంత యుండవలెనో ఊహింపక, ఆ వాహనపు గ్రంథములో చూచి పోల్చవలెను.

అబద్ధపు సాక్ష్యము

ఇంకొక మాట చెప్పక తప్పదు. దోషము వెదుకు ఓపిక లేనివారు కొందరు ఒక చిన్న పెట్టెను తగిలించెదరు. అది సెన్సారుల బదులు తానే మాటలాడి, "అంతయు సవ్యముగా నున్నది" అని కంట్రోల్ యూనిట్టును నమ్మించును. దీపము ఆరును, యూరియా ఖర్చు తప్పును, విషవాయువు మాత్రము యథేచ్ఛగా వెలువడును. ఆ పొగను పీల్చునది ఎవరు? రహదారి ప్రక్కన టీకొట్టువాడు, బడికి పోవు పిల్లవాడు, దినమంతయు ఆ షెడ్డులోనే పనిచేయు కూలివాడు. 2015లో ప్రపంచ ప్రసిద్ధమైన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో పరీక్షాసమయమున ఒక విధముగను, రోడ్డుపై వేరొక విధముగను నడుచు ఏర్పాటు చేసినట్లు అమెరికాలో బయటపడినది. ఆ సంస్థ దానిని అంగీకరించి భారీ మూల్యము చెల్లింపవలసి వచ్చినది. పెద్దలు చేసినను పిన్నలు చేసినను సాక్షి నోరు నొక్కి అబద్ధమాడించుట దోషనిర్ధారణ కాదు.

అయితే నిజాయితీగా బాగుచేయుట ఖరీదైన పనియని తోచినంతకాలము పేద యజమాని ఆ పెట్టెవైపే చూచును. పావలా విలువైన తీగను కనుగొనగల నేర్పరి ప్రతి ఊరిలో నున్నచో ఆ పెట్టెకు గిరాకి యుండదు. అట్టి నేర్పరులు మనలోనుండియే రావలెను.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఓమ్ నియమమును నిరూపించు తీగలు, మీటర్లు ఇప్పటికే గలవు. వాటి ప్రక్కన ఒక పాత కప్లరు, ఒక థర్మిస్టరు, త్రుప్పు పట్టిన తీగముక్క ఒకటి చేర్చినచో అదే ప్రయోగము ఒక జీవనవిద్యగా మారును. దీనికి పెద్ద వ్యయము లేదు. ఈ విషయమును కళాశాల సంఘమువారు దయతో ఆలోచింతురని ఆశించుచున్నాము. తోటి విద్యార్థులకు మా మనవి ఒక్కటే: ఏ యంత్రముపై దీపము వెలిగినను ముందు వినుడు, తరువాత కొలువుడు, ఆ పిమ్మటనే విప్పుడు.